కొత్త టర్న్ బేస్డ్ గేమ్ కొనే ముందు ప్లేయర్ల మాటలు ఎలా చదవాలి

కంప్యూటర్ గేమ్స్ అమ్మే స్టీమ్‌లో ఒక గేమ్ పక్కన 95 శాతం పాజిటివ్ అని కనిపించగానే చాలామంది దాన్ని వందకి తొంభై ఐదు మార్కులనుకుంటారు. అక్కడ ఎవరూ మార్కులు వేయరు. బొటనవేలు పైకో కిందికో చూపించి పోతారు, అంతే. వందమంది ఆడి అందరూ "పర్లేదు, బానే ఉంది" అనుకున్న గేమ్‌కి కూడా వంద శాతం రావచ్చు. కాబట్టి ఆ అంకె మరీ పాడైపోయిన గేమ్‌ని పక్కన పెట్టడానికి పనికొస్తుంది, మీకు నచ్చుతుందా లేదా అన్నది మాత్రం చెప్పదు. దానికి కింద జనం రాసిన మాటల్లోకి దిగాల్సిందే, వాటిని చదవడానికి ఒక పద్ధతి ఉంది.

ఉదాహరణకి క్లేర్ ఆబ్స్‌క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33 తీసుకుందాం. ఇది టర్న్ బేస్డ్, అంటే మీరూ శత్రువూ వంతులవారీగా కొట్టుకునే గేమ్. ఫ్రాన్స్‌లో మోంపెలియే ఊరి శాండ్‌ఫాల్ ఇంటరాక్టివ్ వాళ్లు చేశారు, 2025 ఏప్రిల్ 24న వచ్చింది, మూడు రోజుల్లో పది లక్షల కాపీలు దాటింది, ఆ డిసెంబర్లో ద గేమ్ అవార్డ్స్‌లో గేమ్ ఆఫ్ ద ఇయర్ కూడా కొట్టింది. ఇంత పేరొచ్చిన గేమ్ మీద కూడా మా బెంగళూరు వైట్‌ఫీల్డ్ ఆఫీసులో తెలుగు బ్యాచ్ రెండుగా చీలిపోయింది. అనంతపురం కుర్రాడొకడు "అన్నా, ఇట్లాంటిది మళ్లీ రాదు" అంటాడు. అదే టీమ్‌లో విజయవాడాయన "ఏం గేమ్ అండీ, బటన్ నొక్కి నొక్కి వేళ్లు పోయాయి" అంటాడు. ఇద్దరూ ఆడింది ఒకే గేమ్. కానీ మొదటివాడు కష్టమైన యాక్షన్ గేమ్స్ ఆడి ఆడి వచ్చాడు, రెండో ఆయన ఫైనల్ ఫాంటసీ లాంటి పాత వంతుల గేమ్స్ కాఫీ తాగుతూ ఆడిన మనిషి. ఎవరి మాటైనా చదివేటప్పుడు ముందు ఇదే వెతకండి: ఈయన ఇంతకుముందు ఏం ఆడాడు? చాలామంది మొదటి రెండు వాక్యాల్లోనే బయటపడిపోతారు, "పర్సోనా 5 తర్వాత ఇదే" అనో "నాకు టర్న్ బేస్డ్ అంటేనే పడదు, కానీ" అనో. మీలాంటి వాళ్లు ఐదారుగురు దొరికితే చాలు, మిగతా వేలమందిని వదిలేయొచ్చు.

తర్వాత గంటలు చూడండి. స్టీమ్‌లో ప్రతి అభిప్రాయం పైన ఆ మనిషి మొత్తం ఎన్ని గంటలు ఆడాడో, రాసేనాటికి ఎన్ని ఆడాడో రెండూ ఉంటాయి, గంటల్ని బట్టి వడపోసుకునే ఫిల్టర్ కూడా ఉంటుంది. ఎక్స్‌పెడిషన్ 33 కథ ఒక్కటే ఆడినా దాదాపు ముప్పై గంటలు. అందులో గంటన్నర ఆడి రాసినవాడికి తెలిసింది మొదటి ఊరు, సంగీతం, ఒకటి రెండు ఫైట్లు. వాడి మాట అబద్ధం కాదు గానీ గేమ్ గురించి కాదు, గేమ్ మొదలు గురించి. బాల్డర్స్ గేట్ 3 అనే ఇంకో పెద్ద టర్న్ బేస్డ్ గేమ్ వచ్చిన కొత్తలో, అంటే 2023 ఆగస్టులో, మొదటి వారం పొగడ్తల్లో అసలు కనపడని విషయం ఒకటుంది: మూడో భాగంలో పెద్ద నగరంలోకి అడుగు పెట్టగానే చాలామంది కంప్యూటర్లు నత్తనడక నడిచాయి. అంత దూరం చేరడానికే జనానికి బోలెడు గంటలు పట్టింది, ఆ గోల అంతా తర్వాత మొదలైంది. అందుకే పెద్ద ఆర్పీజీ (పాత్రల్ని పెంచుకుంటూ కథ వెంట ఆడే గేమ్) అయితే కనీసం రెండు మూడు వారాలు ఆగి చదవండి. ఇక రెండొందల గంటలు ఆడి బొటనవేలు కిందికి చూపించే మహానుభావులుంటారు, వాళ్లని తీసిపారేయకండి, కానీ వాళ్ల ఫిర్యాదు ఆట చివర్లో డ్యామేజ్ అంకెల గురించి. మీకది రావడానికి ఇంకా చాలా టైముంది.

రాసిన తేదీ కూడా చూడాలి. ఎక్స్‌పెడిషన్ 33లో మాయెల్ అనే పాత్రకి స్టెండాల్ అని ఒక స్కిల్ ఉంది, మొదట్లో దాంతో బాస్‌లు, అంటే పెద్ద శత్రువులు, ఒక్క దెబ్బకి పోయేవాళ్లు. తర్వాత అప్‌డేట్‌లో దాని బలం తగ్గించారు. కాబట్టి మొదటి వారాల్లో "ఆ స్కిల్ పట్టుకుంటే గేమ్ అయిపోయినట్టే" అని రాసినవాళ్లు ఆడింది వేరే వెర్షన్. అలాగే ఆటలో దృశ్యాల్ని ఫోటో తీసుకునే ఫోటో మోడ్ లేదని ఏడ్చినవాళ్ల మాట కూడా పాతదే, 2025 డిసెంబర్ ఉచిత అప్‌డేట్‌లో కొత్త ప్రదేశంతో పాటు అది కూడా వచ్చేసింది.

ఇప్పుడు అసలు గొడవకి వద్దాం, పారీ. ఈ గేమ్‌లో మీ వంతు వచ్చినప్పుడు ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చు, అమెరికా కాల్ వస్తే మాట్లాడి వచ్చినా శత్రువు అలాగే నిలబడి ఉంటాడు. కానీ వాడి వంతులో మీరు చేతులు కట్టుకుని కూర్చోలేరు, దెబ్బ తగిలే క్షణానికి బటన్ నొక్కి తప్పించుకోవాలి లేదా అడ్డుకోవాలి. తప్పించుకోవడానికి టైం కాస్త ఎక్కువ దొరుకుతుంది. అడ్డుకోవడానికి, అంటే పారీకి, చాలా తక్కువ. పారీ కుదిరితే దెబ్బకో యాక్షన్ పాయింట్ (స్కిల్స్ వాడటానికి ఖర్చయ్యేది) వస్తుంది, వరసగా వచ్చిన దెబ్బలన్నీ అడ్డుకుంటే మీ పాత్ర తిరిగి గట్టిగా కొడుతుంది. శత్రువులు కావాలనే ఆలస్యం చేసి కొడతారు, బౌలర్ పరుగెత్తుకొచ్చి స్లో బాల్ వేసినట్టు. దీనివల్లే "ఇది టర్న్ బేస్డే కాదు" అనేవాళ్లు ఒకవైపు, "మొదటిసారి టర్న్ బేస్డ్ గేమ్‌లో నిద్ర రాలేదు" అనేవాళ్లు ఇంకోవైపు. నన్నడిగితే రెండూ నిజమే, మీ చేతి వేగం ఎంత, ఓపిక ఎంత అన్నదాని మీద ఉంది.

కాబట్టి "చాలా కష్టం" అన్న మాట కనపడితే అక్కడితో ఆగకండి, ఏ మోడ్‌లో ఆడాడో చూడండి. స్టోరీ, ఎక్స్‌పెడిషనర్, ఎక్స్‌పర్ట్ అని మూడున్నాయి, ఆట మధ్యలో కూడా మార్చుకోవచ్చు. మోడ్ పేరు చెప్పకుండా కష్టం అన్నా, ఈజీ అన్నా సగం మాటే. ఇంకో గందరగోళం: సెట్టింగ్స్‌లో బటన్ టైమింగ్ ఆటోమేటిక్‌గా చేసే ఆప్షన్ ఉంది కదా, ఇక పారీ బెంగ లేదని కొందరు రాస్తారు. అది మీరు కొట్టేటప్పుడు వచ్చే టైమింగ్‌కి మాత్రమే, శత్రువు కొట్టేటప్పుడు మీరే నొక్కాలి. "నేను కరెక్ట్‌గానే నొక్కుతున్నా, గేమే తీసుకోవట్లేదు" అనేవాళ్లలో కొందరు టీవీకి కనెక్ట్ చేసి టీవీ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ ఆన్ చేయకుండా ఆడుతుంటారు, బటన్‌కీ బొమ్మకీ మధ్య ఆలస్యం ఉంటే ఈ గేమ్ నరకమే. కొన్నాక మీరు చేయాల్సింది మొదట డాడ్జ్, అంటే తప్పించుకోవడం, మాత్రమే వాడటం. స్క్రీన్ మీద పర్ఫెక్ట్ అని పడిందంటే ఆ క్షణంలో పారీ కూడా కుదిరేదని అర్థం, అలా ఒక్కో శత్రువు దెబ్బలు అలవాటయ్యాక పారీకి మారండి.

"మరీ ఈజీ, ఆఖరి బాస్ తేలిపోయాడు" అన్న మాటలు కూడా బోలెడు. వాళ్లలో చాలామంది చివరి భాగంలో కథ పక్కన పెట్టి మ్యాప్ మొత్తం తిరిగి, పాత్రల బలం పెంచే పిక్టోలన్నీ పోగేసి, అప్పుడు బాస్ దగ్గరికెళ్లినవాళ్లు. మీరు తిన్నగా కథ వెంట పోయే రకమైతే మీకా సమస్య అంతగా ఉండదు.

మిగతా ఫిర్యాదులు తొందరగా తేల్చేయొచ్చు. లోపలి దారుల్లో స్క్రీన్ మూల దారి చూపే మినీమ్యాప్ లేదు, దారి తప్పుతారు, నిజమే. తెలుగు సబ్‌టైటిల్స్ లేవు, ఇంగ్లిష్‌తో సర్దుకోవాలి. కథ, ముగింపు మీద జనం కొట్టుకుంటున్న చర్చలు మాత్రం ఆడేదాకా తెరవకండి. ప్రతి ఏడూ ఒక అంకె రాసి ఆ వయసు వాళ్లందరినీ మాయం చేసే పెయింట్రెస్ ఉంది, ఈసారి అంకె 33, ఇంతకు మించి తెలియకుండా వెళ్తేనే ఆ గేమ్‌కి న్యాయం. ఇక "ముప్పైమందే చేశారట" అని మురిసిపోయేవాళ్లు, "లేదు, బయట నుంచి యానిమేషన్‌కీ టెస్టింగ్‌కీ ఇంకా చాలామంది పని చేశారు" అని సరిదిద్దేవాళ్లు ఉన్నారు. రెండోవాళ్లదే కరెక్ట్, కానీ ఆ వాదన మీ కొనుగోలుకి ఒక్క రూపాయి సాయం చేయదు. గేమ్స్‌కి వచ్చిన మార్కులు పోగేసే మెటాక్రిటిక్ సైట్‌లో యూజర్ స్కోర్ కూడా అంతే, అక్కడ అంకె వేయడానికి గేమ్ కొన్నట్టు చూపించక్కర్లేదు.

మీ కంప్యూటర్ సంగతి ఎవరి మాట మీదా వదిలేయకండి. ఎక్స్‌పెడిషన్ 33కి 55 జీబీ, బాల్డర్స్ గేట్ 3కి 150 జీబీ జాగా కావాలి, అది కూడా ఎస్‌ఎస్‌డీలో, అంటే వేగంగా నడిచే స్టోరేజ్‌లో. ల్యాప్‌టాప్‌లో జాగా లేకపోతే ముందు ఆదివారం కాని రోజు చూసుకుని బెంగళూరులో కంప్యూటర్ సామాన్లు అమ్మే ఎస్పీ రోడ్ వెళ్లి ఎస్‌ఎస్‌డీ రేటు కనుక్కోండి, నాలుగు షాపులు తిరిగితే గానీ సరైన రేటు చెప్పరు. అభిప్రాయాల్లో "గేమ్ ఆగి ఆగి నడుస్తోంది" అని ఉంటే మీ గ్రాఫిక్స్ కార్డ్ పేరు కొట్టి వెతకండి, 4090 లాంటి ఖరీదైన కార్డ్ ఉన్నవాడి "సూపర్ స్మూత్" మనకెందుకు?

ఇంత చదివినా తేలకపోతే, ఎక్స్‌పెడిషన్ 33 నెలనెలా డబ్బు కట్టి ఆడే మైక్రోసాఫ్ట్ గేమ్ పాస్‌లో మొదటి రోజు నుంచే వచ్చింది, ఇప్పటికీ ఉందేమో చూసి ఒక నెల కట్టి ఆడి చూడటం చవక. లేదా స్టీమ్‌లో కొని, పద్నాలుగు రోజుల్లోపు, ఆడింది రెండు గంటలు దాటకుండా ఉంటే రీఫండ్ అడగొచ్చు. కానీ ఈ గేమ్ మొదట్లో చాలాసేపు ఊళ్లో నడక, మాటలే ఉంటాయి, అక్కడ ప్రతి గోడా చూస్తూ తిరిగితే మీకు నిర్ణయించుకోవడానికి అసలు ఫైట్లే మిగలవు. తిన్నగా ఊరు దాటి మొదటి మైదానానికి వెళ్లి నాలుగు ఫైట్లు చేయండి, పారీ మీ చేతికి సరదాగా ఉందో చిరాకుగా ఉందో అక్కడే తెలిసిపోతుంది. అన్నం తినడానికి లేచేటప్పుడు గేమ్ పూర్తిగా మూసేయండి, మెనూలో వదిలేసినా ఆ టైం కూడా రెండు గంటల్లో కలిసిపోతుంది.