రోజూ తినే తిండిలోనే కూరగాయలు పెంచుకోవడం ఎలా?

కూరగాయలు తినడం మంచిదని తెలియనివాళ్ళు ఎవరూ లేరు, అసలు చిక్కంతా తరగడం దగ్గరే. పొద్దంతా పని చేసి అలిసిపోయి వచ్చాక కడిగి, చెక్కు తీసి, తరిగే ఓపిక ఎవరికుంటుంది చెప్పండి, అందుకే కొన్నవి కొన్నట్టే ఫ్రిజ్‌లో వాడిపోతాయి, మన చెయ్యేమో బిస్కెట్ ప్యాకెట్ మీదకి పోతుంది.

ఎంత తినాలంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్ళకి పళ్ళు, కూరగాయలు కలిపి రోజుకి కనీసం 400 గ్రాములు. 80 గ్రాముల చొప్పున ఐదుసార్లు అనుకోండి. ఒక మీడియం సైజు టమాటా, లేదా ఉడికిన ముక్కలు మూడు పెద్ద స్పూన్ల నిండుగా వేసుకుంటే ఒకసారి కింద లెక్క. బంగాళదుంప ఇందులోకి రాదు, చిప్స్ తిని సరిపెట్టుకుందాం అంటే కుదరదు.

1. ముందు ఒక మూడు రోజులు ఏమీ మార్చకుండా, ఎంత తింటున్నారో ఊరికే చూసుకోండి. చాలామందికి ఇక్కడే షాక్ తగులుతుంది.

2. కొని తెచ్చిన రోజే తరిగేయండి, నన్నడిగితే అన్నిటికన్నా ఎక్కువ పనిచేసేది ఇదే. క్యారెట్, బీన్స్, క్యాలీఫ్లవర్ లాంటివి కడిగి, తడి బాగా ఆరాక కోసి మూత ఉన్న డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో కళ్ళకి ఎదురుగా ఉండే అరలో పెట్టండి, కింద డ్రాయర్‌లో పెట్టారంటే మర్చిపోయినట్టే. రెండు మూడు రోజులకి సరిపడానే కోయండి, కోసినవి నిలవుంటే విటమిన్ సి తగ్గుతుంది. టమాటా, కీరా మాత్రం అప్పటికప్పుడే, లేకపోతే నీళ్ళు కారతాయి. ఆకుకూరలు తరక్కుండా పొడి గుడ్డలో చుట్టి పెట్టండి.

3. కొత్త వంటలు నేర్చుకునే పని పెట్టుకోవద్దు, రెండు రోజుల్లో విసుగొస్తుంది. ఎలాగూ చేసేదాంట్లోనే ఒక గుప్పెడు ఎక్కువ వేయండి, ఆమ్లెట్‌లో పాలకూర, నూడుల్స్‌లో క్యాబేజీ, సూప్‌లో తురిమిన క్యారెట్. పాలకూర అయితే పెద్ద కట్ట వేసినా మగ్గేసరికి గుప్పెడే అవుతుంది, తిన్నట్టు కూడా తెలీదు.

4. బాగా ఆకలి మీదున్నప్పుడు ముందు కూరగాయలే ఎదురుగా పెట్టుకోండి. వంట అవుతుంటే వచ్చి గిన్నెలు మూత తీసి చూసేవాళ్ళుంటారు కదా, వాళ్ళ ముందు ఒక ప్లేట్ కీరా ముక్కలు పెట్టి చూడండి, వద్దనరు.

5. నచ్చదు అనేవాళ్ళకి చాలాసార్లు నచ్చనిది కూరగాయ కాదు, దాన్ని వండిన తీరు. క్యాబేజీ, క్యాలీఫ్లవర్ ఎక్కువసేపు ఉడికిస్తే గంధకం వాసన వస్తుంది, ఆ వాసనకే సగంమంది పారిపోతారు. అవే కొంచెం నూనె, ఉప్పు పట్టించి 200 డిగ్రీల ఓవెన్‌లో ఒక 25 నిమిషాలు ఉంచితే అంచులు ఎర్రగా వేగి తియ్యగా ఉంటాయి. ఓవెన్ లేకపోతే పెనం మీద పెద్ద మంటన వేయించండి. నూనెకి భయపడక్కర్లేదు, క్యారెట్, పాలకూరల్లో ఉండే బీటా కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఎ గా మారే పదార్థం) ఒంటికి పట్టాలంటే కొంచెం కొవ్వు ఉండాలి. ఉడికించిన నీళ్ళు పారబోయకండి, విటమిన్ సి అందులోకే దిగుతుంది, సూప్‌లో పోసేయండి.

6. ఫ్రోజెన్ బఠాణీ, బీన్స్ ఒక ప్యాకెట్ ఎప్పుడూ ఉంచుకోండి. కోసిన కొద్దిసేపటికే గడ్డకట్టించేస్తారు కాబట్టి పోషకాలు పెద్దగా పోవు.

పిల్లలు ఒకసారి ఉమ్మేశారని వదిలేయకండి, కొత్త రుచి అలవాటవడానికి పది పదిహేనుసార్లు కూడా పట్టొచ్చు, బలవంతపెట్టకుండా మళ్ళీ మళ్ళీ ఒక చిన్న ముక్క పెడుతూ ఉండండి.

ఒకేసారి ఎక్కువ పెంచితే పీచు వల్ల కడుపుబ్బరం, గ్యాస్ వస్తాయి, వారం వారం కొంచెం పెంచుకుంటూ నీళ్ళు బాగా తాగండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు పొటాషియం గురించి, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వాడేవాళ్ళు ఆకుకూరల్లోని విటమిన్ కె గురించి ముందు డాక్టర్‌ని అడిగాకే పెంచండి.