గ్రహాలు, ఉపగ్రహాల సైజులూ కక్ష్యలూ పోల్చడం ఎలా?

సౌర కుటుంబం బొమ్మల్లో చాలావరకు సైజులు ఒక లెక్కన, దూరాలు ఇంకో లెక్కన గీస్తారు. లేకపోతే పేజీలో పట్టవు. రెండింటికీ ఒకే స్కేలు పెట్టి చూడండి, అసలు సంగతి అప్పుడు తెలుస్తుంది.

ముందుగా వెయ్యి కిలోమీటర్లకు ఒక మిల్లీమీటరు అనుకోండి. భూమి వ్యాసం 12,742 కి.మీ., అంటే 13 మి.మీ.కి కాస్త తక్కువ. చంద్రుడు మూడున్నర మి.మీ. గురుడు 14 సెం.మీ. సూర్యుడు దాదాపు 1.4 మీటర్లు. ఈ కొలతలతో కాగితం మీద వృత్తాలు గీసి కత్తిరించుకోండి.

ఇక్కడే ఒకటి తేల్చుకోవాలి: ‘పెద్దది’ అంటే ఏ లెక్కన? గురుడి వ్యాసం భూమికి 11 రెట్లే, ఘనపరిమాణం మాత్రం 1,300 రెట్లు. గురుడి ఉపగ్రహం గానిమీడ్ (5,268 కి.మీ.) బుధ గ్రహం (4,879 కి.మీ.) కన్నా వెడల్పు. కానీ అందులో మంచు ఎక్కువ కాబట్టి ద్రవ్యరాశి బుధుడిలో సగం కూడా ఉండదు. అందుకే వ్యాసం, ద్రవ్యరాశి రెండూ పక్కపక్కనే రాసుకోండి.

తర్వాత దూరాలు. చంద్రుణ్ణి భూమికి 38 సెం.మీ. దూరంలో పెట్టండి. మధ్యలో సుమారు 30 భూములు పడతాయి! సూర్యుడు 150 మీటర్ల అవతల, నెప్ట్యూన్ నాలుగున్నర కిలోమీటర్ల అవతల ఉండాలి.

అంత దూరాలకు కొలమానం మార్చక తప్పదు. సూర్యుడి నుంచి భూమి దూరాన్ని 1 అనుకోండి. కక్ష్యలు దీర్ఘవృత్తాలు గనక, అతి దగ్గర, అతి దూరాల సగటు తీసుకోవాలి. గురుడికి అది 5.2. దాన్ని ఘనం చేస్తే 140.6, దాని వర్గమూలం 11.86. గురుడు సూర్యుణ్ణి చుట్టడానికి పట్టే ఏళ్లు సరిగ్గా అన్నే. ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ 1619లో ప్రకటించిన సూత్రం ఇది. నాకు ఇంతకన్నా అందమైన లెక్క కనిపించలేదు.

ఈ పోలిక ఒకే కేంద్రం చుట్టూ తిరిగేవాటికే నేరుగా కుదురుతుంది. గురుడికి అయో అనే ఇంకో ఉపగ్రహం 4,21,700 కి.మీ. దూరంలో ఉంది, మనకు చంద్రుడు 3,84,400 కి.మీ. దూరంలో. దూరాలు దగ్గరదగ్గరే, అయినా ఒక చుట్టు తిరగడానికి చంద్రుడికి 27.3 రోజులు, అయోకి 1.77 రోజులు. కేంద్రం ద్రవ్యరాశి ఎక్కువైతే, దాని వర్గమూలం లెక్కన చుట్టుకు పట్టే కాలం తగ్గుతుంది. గురుడి ద్రవ్యరాశి భూమికి 318 రెట్లు, దాని వర్గమూలం 17.8. అయో దూరం చంద్రుడి దూరానికి 1.097 రెట్లు, దాని ఘనానికి వర్గమూలం 1.15. దూరం కాస్త ఎక్కువైనందుకు 27.3ని ఈ 1.15తో గుణించి, 17.8తో భాగించండి: 1.76 వస్తుంది.