పెంపుడు పిల్లి కరుస్తోందా? ఇలా చేయండి

పిల్లి చెప్పకుండా కరవడం అరుదు. తోకతో, చెవులతో ముందే చెబుతుంది, మనమే చూసుకోం.

1. ఒళ్లు గమనించండి
ఒళ్లో పడుకుని గురగురలాడే పిల్లిని నిమురుతున్నారనుకోండి. కాసేపటికి తోక కొస టపటపా కొట్టుకుంటుంది. వీపు మీద చర్మం అదురుతుంది. చెవులు పక్కలకు వాలతాయి, తల మీ చేతివైపు తిరుగుతుంది. ఇక చాలని అర్థం. అప్పుడే చెయ్యి తీసేస్తే కాటుదాకా రాదు. బుగ్గలు, గడ్డం కింద నిమిరితే చాలా పిల్లులకు ఇష్టం. వెల్లకిలా పడుకుని పొట్ట చూపించినా సరే, దాని జోలికి వెళ్లకండి. మీరంటే భయం లేదని చెప్పడమే తప్ప, నిమరమని అడగడం కాదది.

2. చెయ్యి లాక్కోకండి
పిల్లి కరిచి పట్టుకున్నప్పుడు లాగితే పారిపోయే ఎలుకే అనుకుని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, గాయం చీరుకుపోతుంది. కదలకుండా ఉండి, వదలగానే లేచి వెళ్లిపోండి. కొట్టారో, భయంతో మళ్లీ కరుస్తుంది.

3. కారణం పట్టుకోండి
కూన అయితే ఆటే. పైగా 3-4 నెలల వయసు నుంచి పాలపళ్లు ఊడుతూ చిగుళ్లు సలుపుతాయి. పుల్లకు తాడు, తాడుకు ఈక కట్టి రోజూ రెండుపూటలా పదేసి నిమిషాలు ఆడించి, చివర్లో తిండి పెట్టండి. చేతివేళ్లతో మాత్రం ఆడించొద్దు. ఇంటికొచ్చిన చుట్టాల చేత ఈ మాట వినిపించడమే అసలు కష్టం!

ఎన్నడూ లేనిది పెద్ద పిల్లి కరిస్తే పన్నో, చెవో, కీళ్లో నొప్పి ఉండొచ్చు. పశువైద్యుడికి చూపించండి. నొప్పి కదా అని పారాసిటమాల్ వేయకండి, పిల్లికి అది విషం. కిటికీలోంచి వీధి పిల్లిని చూసి తోక ఉబ్బించుకుని ఉన్నప్పుడు ఎత్తుకోబోయినా ఆ కోపం మీ మీదే తీర్చుకుంటుంది. చల్లబడేదాకా వదిలేయండి.

4. పన్ను దిగితే
కోరపన్ను సన్నం కాబట్టి పైకి చుక్కంతే కనిపిస్తుంది, లోపల లోతుగా దిగుతుంది. పిల్లి నోట్లో ఉండే పాశ్చురెల్లా బ్యాక్టీరియాతో ఒక్క రోజులోనే చెయ్యి వాచిపోవచ్చు. వెంటనే సబ్బు రాసి కుళాయి ధార కింద 15 నిమిషాలు కడగండి. కారం, సున్నం, పసుపు ఏవీ పెట్టొద్దు. అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లండి. రేబిస్ టీకా ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. పిల్లికి ఎప్పుడెప్పుడు టీకాలు వేయించారో ఆ కార్డు కూడా తీసుకెళ్లి చూపించండి.