పశువుల్ని అమ్మకానికి పెట్టేటప్పుడు యాడ్ ఎలా రాయాలి, ఫోటో వీడియో ఎలా తీయాలి

"మంచి ఆవు అమ్మబడును, పాలు బాగా ఇస్తుంది, వివరాలకు కాల్ చేయండి" అని రాసి కింద చీకట్లో తీసిన ఒక ఫోటో, అందులో ఆవు సగం, గడ్డివాము సగం. ఇలా పెడితే ఫోన్లు రావా అంటే వస్తాయి, బాగానే వస్తాయి, కానీ ప్రతి ఒక్కరూ అడిగేది అదే, ఎన్నో ఈత (కాన్పు), ఎన్ని లీటర్లు, ఎన్ని పళ్ళు, లాస్ట్ రేటెంత, చెప్పీ చెప్పీ గొంతు పోతుంది తప్ప ఒక్కరూ బండెక్కి రారు. మనకి కావాల్సింది ఫోన్లు కాదు కదా, కొనే మనిషి కొట్టం దాకా రావాలి. కాబట్టి ఫోన్లో అడిగేవన్నీ యాడ్ లోనే రాసేయాలి, కొట్టంలోకి వచ్చాక కనిపెట్టే లోపాలు కూడా ముందే చెప్పేయాలి.

ముందు ఎవరికి అమ్ముతున్నారో తేల్చుకోండి, ఎందుకంటే ఒకే యాడ్ అందరికీ పనికిరాదు. పాడి కోసం కొనేవాళ్ళు పాలు, ఈత, పొదుగు చూస్తారు. మేపి బరువు పెంచి అమ్ముకునేవాళ్ళకి ఈత గోల అక్కర్లేదు, బరువెంత, వయసెంత, ఏం మేత తింటోంది అంతే. బ్రీడింగ్ కి తీసుకునేవాళ్ళు తల్లి ఎన్ని పాలిచ్చింది, ఏ ఆంబోతు సెమన్ అని అడుగుతారు. ఎడ్ల జత అయితే అలవాటైన జతేనా, ఎడమ కుడి మార్చి కట్టినా నడుస్తాయా అన్నది రాయండి.

పాల సంగతి దగ్గరే అందరూ బోల్తా పడతారు. "రోజుకి 12 లీటర్లు" అని రాస్తే ఎప్పటి 12 అన్నది తేలదు. ఆవు ఈనిన తర్వాత నెల, రెండు నెలల మధ్యలో పాలు పీక్ లో ఉంటాయి, ఆ తర్వాత మెల్లగా తగ్గుతూ వస్తాయి, ఇది కొనేవాడికి మనకంటే బాగా తెలుసు. అందుకని ఈని ఎన్నాళ్ళైంది, పొద్దున ఎన్ని, సాయంత్రం ఎన్ని, దూడకి వదిలింది కాక ఇవా కలిపా, అన్నీ రాయాలి. దూడ లేకుండా చేపుతుందా (పాలు దించుతుందా), దాణా పెడితేనే చేపుతుందా, చేత్తో పితుకుతారా మిషన్ పెడతారా అన్నవి కూడా, ఎందుకంటే చేత్తో అలవాటైన ఆవుని మిషన్ల ఫారంకి తీసుకెళ్తే మొదట్లో ఇబ్బందే. వట్టిపోయిన (పాలు ఆగిపోయిన) ఆవుని చూడితో (కడుపుతో) అమ్ముతుంటే సెమన్ వేయించిన తేదీ రాయండి, ఆవుకి చూడి కాలం సుమారు 280 రోజులు, గేదెకి సుమారు 310, లెక్క వాళ్ళే వేసుకుంటారు. డాక్టర్ చేత చూపించి చూడి ఉందని కాగితం తీసుకుని ఆ ఫోటో పెడితే ఇంక ఆ విషయం మీద వాదనే ఉండదు.

వయసు "చిన్నదే" అని రాయకండి, పళ్ళు రాయండి. రెండేళ్ళ చుట్టుపక్కల మొదటి రెండు పెద్ద పళ్ళు వస్తాయి, నాలుగు నాలుగున్నర ఏళ్ళకి కాస్త అటూ ఇటూగా ఎనిమిదీ వచ్చేస్తాయి. వీలైతే కింది పెదవి కిందికి లాగి ఒక ఫోటో తీసి పెట్టండి, చూడ్డానికి అంత బాగోదు గానీ పనిచేసే ఫోటో అదే.

బరువు చెప్పాలంటే కాటా లేకపోయినా టేపు చాలు. ముందు కాళ్ళ వెనకనుంచి ఛాతీ చుట్టుకొలత, భుజం ఎముక నుంచి తోక పక్కన ఎముక దాకా పొడవు, రెండూ అంగుళాల్లో తీసుకుని, చుట్టుకొలతని దాంతోనే గుణించి మళ్ళీ పొడవుతో గుణించి 660 తో భాగిస్తే కేజీలు. చుట్టు 64, పొడవు 60 అనుకోండి, 372 కేజీల దగ్గర వస్తుంది. ఇది అంచనానే, యాడ్ లో "టేపు కొలత" అని రాస్తే సరిపోతుంది, కాటా మీద తేడా వచ్చినా ఎవరూ మాట అనరు.

ఇంక ఫోటోలు. కడిగి, ఆరాక, ఎండ మీ వీపు వైపు ఉండేలా నిలబడి తీయండి. మీరు కాస్త వంగి ఫోన్ ఆవు పొట్ట మధ్య ఎత్తులో పట్టుకోవాలి, నిలబడి పైనుంచి తీస్తే పొట్టి కాళ్ళ దానిలా పడుతుంది. నేల సమానంగా ఉండాలి, బురదలో గిట్టలు కనపడవు, గిట్టలు కనపడని ఫోటోని తెలిసినవాళ్ళు అనుమానంగానే చూస్తారు. నిలువునా పక్కనుంచి ఒకటి, ఎదురుగా ఒకటి, వెనకనుంచి పొదుగు నాలుగు చన్నులూ కనపడేలా ఒకటి, చెవి పోగు (చెవికి వేసే ట్యాగ్) నంబర్ ఒకటి, దూడ ఉంటే పక్కన నిలబెట్టి ఒకటి. ఫిల్టర్లు పెట్టకండి బాబూ, ఎర్రావు నారింజ రంగులో మెరిసిపోతుంటే నవ్వుకుంటారు.

ఫోటో కంటే వీడియోకే బేరాలు తెగుతాయి. ఒక నిమిషం చాలు, మ్యూజిక్ వద్దు. పది పన్నెండు అడుగులు అటూ ఇటూ నడిపించండి, కుంటు ఉందా లేదా అక్కడే తెలిసిపోతుంది. తర్వాత పాలు తీసేటప్పుడు కట్ చేయకుండా, ఖాళీ బకెట్ చూపించి మొదలుపెట్టి చివర్లో కొలిచి చూపించేదాకా ఒకటే వీడియో తీయండి, అది కాస్త పెద్దదైనా పర్లేదు, నిజంగా కొనేవాడు మొత్తం చూస్తాడు. పొదుగు పెద్దగా కనపడాలని ఒక పూట పాలు తీయకుండా ఆపేసి వీడియో తీసేవాళ్ళున్నారు, చన్నులు బిర్రబిగిసి పక్కకి తిరిగిపోయి ఉంటే చూసినవాడికి ఇట్టే అర్థమవుతుంది, పైగా ఆవుకి నరకం, పొదుగువాపు వచ్చిందంటే అమ్మకం సంగతి తర్వాత, మందుల ఖర్చు మొదలు.

ఇన్ని చెప్పాను కదా, రాస్తే ఇలా ఉంటుంది: "రెండో ఈత ఆవు, ఆరు పళ్ళు, ఈని 40 రోజులు, కింద పెయ్యదూడ. పొద్దున 7, సాయంత్రం 5 లీటర్లు, దూడకి వదిలాక. చేత్తోనే పితుకుతాం, కాళ్ళు కట్టక్కర్లేదు. వెనక కుడి చన్ను ధార కొంచెం సన్నం, వాపు లేదు, పోయిన వారం టెస్ట్ చేయించాం. గాలికుంటు టీకా వేయించిన తేదీ ఫోటోలో ఉంది. కొత్తవాళ్ళని చూస్తే మొదట బెదురుతుంది. రెండు పూటలూ వచ్చి పాలు తీసి చూసుకోవచ్చు."

ఆ సన్నం ధార, బెదురు సంగతి ఎందుకు రాయాలి అంటారేమో, అవి చదివాక కూడా ఫోన్ చేసినవాడే అసలు పార్టీ. దాచిపెడితే వాడు వచ్చి కనిపెట్టి రేటు సగానికి అడుగుతాడు, మిగతావన్నీ నిజం చెప్పినా నమ్మడు.

టీకాలు అమ్మే ముందు రోజు వేయించడం దండగ, రక్షణ రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది కాబట్టి ముందే వేయించి కార్డు పెట్టుకోండి. యాంటీబయాటిక్ వేయించి ఉంటే ఆ పాలు ఎన్ని రోజులు వాడకూడదో డాక్టర్ చెప్పింది కొనేవాళ్ళకీ చెప్పాలి.

ఎక్కడ పెట్టాలి అంటే, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్ లో జంతువుల అమ్మకం రూల్స్ కి విరుద్ధం, పోస్ట్ తీసేస్తారు, అకౌంట్ కి కూడా ఇబ్బంది. పశువులకే ఉన్న యాప్‌లు, పాడి రైతుల వాట్సాప్ గ్రూపులు బెటర్. వాట్సాప్ స్టేటస్ 24 గంటలే ఉంటుంది, సాయంత్రం పాలు తీసే పని అయిపోయాక పెడితే అందరూ చూస్తారు. వీటన్నిటికంటే పాల సెంటర్ లోనూ, దాణా షాపులోనూ, పశువుల డాక్టర్ కీ ఒక మాట చెప్పి ఉంచడం గట్టి పబ్లిసిటీ, ఎవరు వెతుకుతున్నారో వాళ్ళకే ముందు తెలుస్తుంది.

రేటు రాయాలా వద్దా అని అడుగుతారు. నా మటుకు రాయమంటాను, కాస్త బేరానికి చోటు ఉంచుకుని. రేటు లేని యాడ్ కి టైంపాస్ కాల్స్, దళారుల కాల్స్ ఎక్కువ. దళారీ ద్వారా అమ్మడం తప్పేం కాదు, కమిషన్ ఎవరిస్తారో ముందే మాట్లాడుకోండి.

ఫోన్లోనే బేరం తెగ్గొట్టకండి, చూశాకే. చూడకుండానే "నచ్చింది, అడ్వాన్స్ పంపుతున్నా, ఈ కోడ్ స్కాన్ చేయండి" అంటే కట్ చేసేయండి, డబ్బు మనకి రావడానికి మనం పిన్ కొట్టాల్సిన పనే లేదు. అడ్వాన్స్ తీసుకున్నాక ఎన్ని రోజుల్లో తోలుకెళ్ళాలి, ఆలోపు మేత ఖర్చు ఎవరిది, ఏమన్నా అయితే ఎవరి బాధ్యత అన్నది ఒక మెసేజ్ లో రాసి వాళ్ళ చేత ఓకే అనిపించండి.

తోలుకెళ్ళిన రోజు టీకా కార్డు, చెవి పోగు నంబర్, రోజూ పెట్టే దాణా లెక్క ఇచ్చేయండి, మేత ఒక్కసారిగా మారిస్తే పాలు పడిపోతాయి, ఆ తప్పు మన మీదకి వస్తుంది. పోస్ట్ లో "అమ్ముడైంది" అని మార్చండి, డిలీట్ చేయకండి, ఆ పోస్ట్ చూసే తర్వాతి పార్టీ మనల్ని నమ్ముతుంది. దొరకలేదని వెనక్కి వెళ్ళినవాళ్ళ నంబర్లు ఎవరికి ఏం కావాలో రాసి సేవ్ చేసుకోండి, ఇంకో పెయ్య చూడి కట్టగానే ముందు వాళ్ళకే వీడియో పంపి, రెండు మూడు రోజులు చూసి, అప్పుడు గ్రూపుల్లో పెట్టండి.