పాత రేసు కారుతో పోటీ – ఐదో పాఠం: గేరు బ్రేకు కాదు

అసెట్టో కోర్సా అనే కంప్యూటర్ రేసింగ్ ఆటలో పాత రేసు కారు నడపడం మీద ఈ పాఠాలు. ఈ వారం గ్రిడ్ మీది నుంచి, అంటే పోటీకి ముందు కార్లు వరుసగా నిలిచే చోటి నుంచి, బయలుదేరడం గురించి చెప్పాలనుకున్నాను. దాన్ని వాయిదా వేస్తున్నాను. నాలుగో పాఠం చదివి సాధన చేసినవారు పంపిన రీప్లేలను మూడు రాత్రులు కూర్చుని చూశాను. మనుషులు వేరు, స్టీరింగులు వేరు, కానీ దృశ్యం ఒక్కటే. సిల్వర్‌స్టోన్ ట్రాక్‌లో హ్యాంగర్ స్ట్రెయిట్ అనే తిన్నని దారి అయిపోతుంది, దాని చివర ఉన్న స్టోవ్ మలుపు ఇంకా రాలేదు, స్టీరింగు నిటారుగానే ఉంది. అంతలో కారు తోక పక్కకు జారుతుంది, ఒక చుట్టు తిరుగుతుంది, గడ్డిలోకి పోతుంది.

రీప్లేలతో పాటు కారణాలు కూడా రాశారు. బ్రేకు ఎక్కువ పడిందన్నారు. టైర్లు వేడెక్కలేదన్నారు. పటమట నుంచి ఒకరు బ్రేకు బలాన్ని ముందు చక్రాల మీదికి నెట్టుకుంటూ పోయి, చివరికి కారు మలుపు తిరగడమే మానేసిందని బాధపడ్డారు. దయచేసి ఆ సెట్టింగులన్నీ మొదట ఉన్నట్టే పెట్టేయండి. తప్పు బ్రేకుది కాదు. మీరు గేరు తొందరగా దించుతున్నారు.

ఇందులో నా బాధ్యత ఉంది. 'మలుపులోకి వెళ్లేలోపు గేరు దించడం పూర్తి కావాలి' అని రాశాను. ఎప్పుడు పూర్తి కావాలో చెప్పానే తప్ప, ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పలేదు. దాంతో చాలామంది బ్రేకు మీద కాలు పడిన క్షణంలోనే చేతిని గేరు మీద వేశారు. ఐదు, నాలుగు, మూడు – రెండు సెకన్లు కూడా పట్టకుండా.

కొత్తతరం జీటీ కార్లలో అలా చేసినా నడిచిపోతుంది. ఇంజిను ఓర్చుకోలేని గేరు అడిగితే ఆ కారు ఇవ్వదు. చక్రం బిగుసుకుపోకుండా ఏబీఎస్ కాపాడుతుంది. మన కారు 1967 నాటి లోటస్ 49. బరువు సుమారు 500 కిలోలు. వెనుక మూడు లీటర్ల కాస్‌వర్త్ డీఎఫ్‌వీ ఇంజిను, దాదాపు 400 హార్స్‌పవర్. రెక్కలు లేవు. వేగం ఎంత పెరిగినా కారును నేలకు అదిమిపట్టే గాలి లేదు. మీరు ఏ గేరు అడిగితే ఆ గేరు ఇస్తుంది, తర్వాత జరిగేది మీరే చూసుకోవాలి.

ఇప్పుడు లెక్క చూడండి. ఒక్కో గేరుకూ మధ్య తేడా ఐదింట ఒక వంతు అనుకుందాం. ఐదో గేరులో ఇంజిను చుట్లు చూపే ముల్లు 8,500 మీద ఉండగా నాలుగు వేస్తే, అదే వేగానికి ఇంజిను నిమిషానికి 10,200 చుట్లు తిరగాలి. ఈ ఇంజిను పూర్తి శక్తి ఇచ్చేదే 9,000 దగ్గర. అది సొంతంగా 10,200కు వెళ్లదు కాబట్టి ఎవరో ఒకరు దాన్ని అక్కడికి ఈడ్చుకుపోవాలి. ఈడ్చేవి వెనుక చక్రాలు. అదే సమయంలో మీరు బ్రేకు తొక్కి ఉన్నారు, కారు బరువు ముక్కు మీదికి వాలింది, వెనుక టైర్లు రోడ్డును సగం పట్టుతోనే అంటుకుని ఉన్నాయి. అలాంటి టైర్లకు బ్రేకు భారం, ఇంజినును ఈడ్చే భారం రెండూ ఒకేసారి అప్పగించారు. అవి చేతులెత్తేశాయి.

చిన్నప్పుడు ఇసుక పరిచిన వీధిలో సైకిలు వెనుక బ్రేకు గట్టిగా పట్టి తోక తిప్పని పిల్లలు తక్కువ. బిగుసుకున్న టైరుకు పక్కకు పోకుండా ఆపే శక్తి ఉండదు. ముందు చక్రాలు బిగుసుకుంటే కారు నేరుగా పోతుంది, మలుపు తప్పుతుంది, అంతే. వెనుకవి బిగుసుకుంటే తోక ముందుకు రావాలని చూస్తుంది. రీప్లేలో రెంటికీ తేడా ఇలాగే పట్టుకోవాలి. నేరుగా గడ్డిలోకి పోయారా, బ్రేకు. తిరిగి పోయారా, గేరు. నాకు వచ్చినవాటిలో నేరుగా పోయినవి రెండే.

గుంటూరు నుంచి ఒక పాఠకుడు మంచి ప్రశ్న వేశారు. వాళ్ల నాన్నగారికి లారీ ఉంది. దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు బ్రేకును నమ్ముకోవద్దు, చిన్న గేరులో ఇంజిను మీదే దిగాలి అని ఆయన చెబుతారట. లారీకి మంచిదైన పని రేసు కారుకు ఎందుకు చెడ్డది అని అడిగారు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. కానీ ఆయన ఆ గేరు ఎక్కడ వేస్తారో గమనించండి. వాలు మొదలుకాక ముందు, బండి నెమ్మదిగా ఉండగా. పైగా లోడు మొత్తం వెనుక చక్రాల మీదే కూర్చుని ఉంటుంది, వాటిని కదిలించడం ఇంజిను తరం కాదు. ఆయన ఇంజినును వాడేది వేగం పెరగకుండా పట్టి ఉంచడానికి. మీరు వాడుతున్నది గంటకు రెండువందల కిలోమీటర్లు దాటిన వేగాన్ని చంపడానికి. ఆ పని బ్రేకుకు వదిలేయండి.

కాబట్టి స్టోవ్ దగ్గర క్రమం ఇది. బ్రేకు గట్టిగా తొక్కండి, చెయ్యి స్టీరింగు మీదే ఉండాలి. ముల్లు పడిపోవడం చూడండి. 6,000 దగ్గరికి వచ్చాక నాలుగు వేయండి, అప్పుడు ఇంజిను వెళ్లాల్సింది 7,200కే. మళ్లీ 6,000, అప్పుడు మూడు. బ్రేకు తొక్కిన క్షణానికీ మొదటిసారి గేరు మార్చడానికీ మధ్య మీకు చాలా ఖాళీగా అనిపిస్తుంది, ఏదో మరిచిపోయినట్టు ఉంటుంది. ఆ ఖాళీని భరించడమే ఈ పాఠం. నేనైతే స్టోవ్ దగ్గర నాలుగును ముట్టుకోను. ముల్లు 5,500కు పడేదాకా ఆగి, ఐదు నుంచి తిన్నగా మూడుకు వస్తాను. మూడులో అది 7,920 అవుతుంది, ఇంజినుకు ఏ ఇబ్బందీ లేదు, నా చేతికి ఒక పని తగ్గింది. ఆగడం చేతనైనవారే ఇలా చేయండి.

ఇక ఆ 6,000 నుంచి 7,200కు ఇంజినును ఎవరు తీసుకువెళ్లాలి? మీ కుడికాలు. క్లచ్చి తొక్కి ఉండగా యాక్సిలరేటర్‌ను ఒక్కసారి రైజ్ చేయాలి, ముల్లు పైకి లేచినప్పుడు క్లచ్చి వదలాలి. బొటనవేలి కింది భాగం బ్రేకు మీద కదలకుండా ఉంటుంది, పాదం బయటి అంచు యాక్సిలరేటర్‌ను తాకుతుంది. ఇది నేను మొదట నేర్చుకున్నది కంప్యూటర్ ముందు కాదు. మా ఇంటికి దగ్గరలో ఆటోనగర్ ఉంది. అక్కడ ఒక పెద్దాయన, సింక్రోమెష్ (గేరు పళ్ల వేగాలను తనే కలిపే ఏర్పాటు) లేని పాత లారీని షెడ్డులోకి తెస్తూ, గేరు గేరుకూ మధ్య ఇంజినును ఒక్కసారి అరిపించేవారు. పళ్లు కొరుక్కున్న చప్పుడు ఒక్కసారి కూడా వినలేదు. మీరు ముల్లు చూడరా అని నేను అడిగితే ఆ లారీలో ముల్లే లేదన్నారు. ఆయన చెవితో గేరు వేసేవారు. మీరూ స్పీకరులో పాటలు ఆపేయండి. కారు బయటి నుంచి చూసే కెమెరాను వదిలేసి డ్రైవరు సీట్లోంచి చూడండి, అక్కడే ఇంజిను చప్పుడు నిజంగా వినిపిస్తుంది.

అసెట్టో కోర్సాలో యాక్సిలరేటర్‌ను తనంతట తానే రైజ్ చేసే సహాయం ఉంది. దాన్ని ఆపమని చెబుతున్నాను. అది ఉంటే ఆదివారం పోటీలో ఒక స్థానం మెరుగు కావచ్చు, కానీ మీ పాదం ఎప్పటికీ నేర్చుకోదు. క్లచ్చి పెడల్ లేనివారు ఆటో క్లచ్ (ఆటే క్లచ్చి తొక్కే సహాయం) ఉంచుకోండి, అందులో తప్పేమీ లేదు. ఇంకొక మాట: మన ఇళ్లలో నునుపు గ్రానైటు నేల మీద పెడళ్లు వెనక్కి జారిపోతాయి, అందుకే చాలామంది బ్రేకు సగమే తొక్కగలుగుతున్నారు. పెడళ్లను గోడకు ఆనించి, కింద తడిపి పిండిన గోనెసంచి వేయండి.

అలవాటు లేని కారు కదా అని నిరాశపడకండి. 1967 జూన్ 4న నెదర్లాండ్స్‌లోని జాండ్‌ఫోర్ట్‌లో లోటస్ 49 తొలిసారి పోటీకి దిగింది. పరీక్షలు లోటస్ జట్టు డ్రైవరు గ్రాహమ్ హిల్ చేశాడు, అదే జట్టులోని జిమ్ క్లార్క్ ఆ వారాంతానికి ముందు ఆ కారును నడపనే లేదు. గ్రిడ్‌లో ఎనిమిదో స్థానం నుంచి బయలుదేరి గెలిచాడు. ఆ తర్వాతి నెలలో మనం ఇప్పుడు సాధన చేస్తున్న ఈ సిల్వర్‌స్టోన్‌లోనూ గెలిచాడు. క్లార్క్ నడిపే తీరులో నాకు బాగా నచ్చేది మృదుత్వం. ఒక పని ముగిశాకే ఇంకొకటి మొదలైనట్టు ఉంటుంది.

సిల్వర్‌స్టోన్‌లోని మిగతా మలుపులు కాప్స్, బెకెట్స్, క్లబ్ – అన్నిటికీ ఇదే పద్ధతి, విడిగా చెప్పను. వుడ్‌కోట్ మలుపు వేరు, అక్కడ గేరుతో పెద్దగా పని లేదు, ధైర్యంతో పని. దానికి ఒక పాఠం పూర్తిగా కావాలి.

ఇక అభ్యాసం. ఇంధనం 100 లీటర్లు నింపండి. లీటరు పెట్రోలు ముప్పావు కిలోకు కాస్త తక్కువ, అంటే ఐదువందల కిలోల కారులో డెబ్భై మూడు, డెబ్భై నాలుగు కిలోలు అదనం, ఇంకొక మనిషిని ఎక్కించుకున్నట్టే. మొదటి ఐదు ల్యాపులు స్టోవ్‌కు గేరు దించకుండా ఐదో గేరులోనే, బ్రేకుతో మాత్రమే వెళ్లండి. కారు ఎంత నిటారుగా ఆగుతుందో అప్పుడు నమ్మకం కుదురుతుంది. తర్వాత 20 ల్యాపులు మామూలుగా. ఈ ఇరవైలో తోక ఒక్కసారి తిరిగినా మళ్లీ ఒకటో ల్యాపు నుంచి లెక్క. నాకు ఇది పూర్తి చేయడానికి నాలుగు సాయంత్రాలు పట్టింది, మీకూ పట్టనివ్వండి.

రీప్లే పంపేటప్పుడు వేగమైన ల్యాపు ఏరి పంపవద్దు. ఇరవయ్యో ల్యాపు పంపండి, పెడళ్ల గీతలు తెర మీద కనిపించాలి. బ్రేకు గీత పైకి లేచిన చోటికీ మొదటిసారి గేరు మారిన చోటికీ మధ్య ఎంత దూరం ఉందో, నేను చూసేది అదొక్కటే. శనివారం సాయంత్రంలోగా అందినవి ఆదివారం పోటీకి ముందే చూసి జవాబు రాస్తాను.