ఇంటి ఈతకొలనులో నీటిమట్టం మారుతోందా? డెల్టా నేలలో కారణాలు, పరిష్కారాలు

ఈతకొలనులో నీరు తగ్గగానే లీకేజీ అని తేల్చేసి టైల్స్ పగలగొట్టించడం తొందరపాటు అవుతుంది. గోదావరి డెల్టాలో భూగర్భజలం చాలాచోట్ల కొద్ది అడుగుల లోతులోనే ఉంటుంది. సార్వాకు కాలువలు వదిలినప్పుడు అది పైకి వస్తుంది, దాళ్వా ముగిసి కాలువలు కట్టేశాక కిందికి దిగుతుంది. అందుచేత ఇక్కడ కొలను లోపలి నీటితోపాటు గోడ అవతలి నీటినీ లెక్కలోకి తీసుకోవాలి.

సమస్య: రోజూ కొద్దికొద్దిగా తగ్గుతోంది

వేసవిలో రోజుకు ఐదారు మిల్లీమీటర్ల నీరు ఆవిరైపోవడం మామూలే. రోహిణీకార్తె వడగాలుల్లో ఇంకాస్త ఎక్కువే పోతుంది. ఎనిమిది మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు ఉన్న కొలనులో ఐదు మిల్లీమీటర్లంటే 160 లీటర్లు. అలాగే గంటకు 12 వేల లీటర్లు తోడే పంపుతో మూడు నిమిషాలు బ్యాక్‌వాష్ (ఫిల్టరులోకి నీటిని ఎదురు పంపి కడగడం) చేస్తే 600 లీటర్లు, అంటే ఆ కొలనులో దాదాపు రెండు సెంటీమీటర్లు పోతాయి.

ఆవిరికీ లీకేజీకీ తేడా తెలియాలంటే బకెట్ పరీక్ష చేయాలి. వాన పడని రోజు చూసుకుని, నీరు నింపే ఫ్లోట్ వాల్వును కట్టేసి, కొలను మెట్టు మీద బరువు వేసిన బకెట్‌ను నిలిపి, బయటి నీటితో సమానంగా అందులోనూ నీరు పోసి, రెండు మట్టాలకూ గుర్తులు పెట్టాలి. ఆ 24 గంటలూ ఎవరూ కొలనులో దిగకూడదు. రెండూ సమానంగా తగ్గితే అది ఆవిరే కనుక, రాత్రిపూట కవరు కప్పితే సరిపోతుంది. కొలను నీరే ఎక్కువ తగ్గితే ఎక్కడో కారుతున్నట్టు.

సమస్య: పంపు నడిచేటప్పుడు ఒకలా, ఆపితే మరోలా తగ్గుతోంది

ఇదే పరీక్షను ఒక రోజు పంపు నడుపుతూ, మరో రోజు పూర్తిగా ఆపి చేయాలి. నడిచేటప్పుడు ఎక్కువ తగ్గితే కొలనులోకి నీటిని తిరిగి పంపే పైపుల్లో లోపం ఉంటుంది, లేదా ఫిల్టరు దగ్గర నీటి దారిని మార్చే మల్టీపోర్ట్ వాల్వులోని గ్యాస్కెట్ (రబ్బరు సీలు) అరిగి నీరు వేస్ట్ పైపు గుండా పోతుంటుంది. ముందుగా వేస్ట్ పైపు చివర చూడాలి. అక్కడ ధార కనిపిస్తే గ్యాస్కెట్ మారిస్తే చాలు, తవ్వే పనే లేదు. ఆపినప్పుడు ఎక్కువ తగ్గి, నడిచేటప్పుడు కొలనులోకి నీరు వచ్చే జెట్ల దగ్గర బుడగలు వస్తే పీల్చే పైపును అనుమానించాలి.

సమస్య: కొంతవరకు తగ్గి అక్కడే ఆగిపోయింది

మట్టం, నీటిపై తేలే చెత్తను లాగే స్కిమ్మరు మూతి దగ్గరో, లైటు బిగించిన చోటో ఆగితే లీకేజీ ఆ ఎత్తులోనే ఉండే అవకాశం ఎక్కువ. పంపు ఆపి, నీరు కదలకుండా ఉన్నప్పుడు ఆ అంచుల దగ్గర రంగు చుక్కలు వదిలితే, లీకున్న చోటికి రంగు లాక్కుపోతుంది.

అయితే డెల్టాలో దీనికి మరో అర్థం కూడా ఉండవచ్చు. అడుగున పగులు ఉన్నా, లోపలి నీరు తగ్గుతూ వచ్చి బయటి భూగర్భజలంతో సమానమైనప్పుడు కారడం దానంతట అదే ఆగిపోతుంది. కాబట్టి పెరట్లో నుయ్యి ఉంటే దాని మట్టాన్ని కొలను మట్టంతో పోల్చి చూడాలి. రెండూ దగ్గరదగ్గరగా ఉంటే పగులు పై అంచుల్లో కాక, అడుగునే ఉందని అనుమానించవచ్చు. పక్కనే రొయ్యల చెరువు ఉంటే దాన్నీ గమనించాలి. కాలువలు కట్టేసినా అది నిండుగా ఉండి, చుట్టుపక్కల నేలను తడిగానే ఉంచవచ్చు. వేసవిలో గట్టిగా కారి, శ్రావణ భాద్రపదాల్లో తగ్గినట్టు కనిపించే లీకేజీకి కారణం సాధారణంగా ఈ భూగర్భజలం హెచ్చుతగ్గులే. అది నయమైందని అనుకోకూడదు.

సమస్య: ఎవరూ నింపకుండానే మట్టం పెరుగుతోంది

వాన, గట్టు మీదినుంచి జారే నీరు, మూసుకోని ఫ్లోట్ వాల్వు మొదట చూడవలసినవి. ఇవేవీ కాకుండా, సగం తోడిన కొలనులో నీరు తిరిగి పెరుగుతుంటే అది ఊటే. సముద్రతీరపు ఊళ్లలో ఊట ఉప్పగా ఉంటుంది కనుక, నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు అంకె రోజురోజుకూ పెరగడం మంచి ఆధారం.

ఇటువంటప్పుడు కొలనును ఖాళీ చేయకూడదన్నది ఈ వ్యాసంలోని ముఖ్యమైన హెచ్చరిక. పైన చెప్పిన కొలను అడుగుకంటే భూగర్భజలం ఒక మీటరు పైన ఉంటే, అది కట్టడాన్ని దాదాపు 32 టన్నుల బలంతో పైకి నెడుతుంది. లోపల నీటి బరువు లేకపోతే అడుగు పగలవచ్చు, కొలనే పడవలా లేవవచ్చు. మరమ్మతు కోసం ఖాళీ చేయక తప్పకపోతే, కాలువలు కట్టేసిన వేసవిలో, నుయ్యి మట్టం కొలను అడుగుకంటే కిందికి దిగిందని చూసుకున్నాకే చేయాలి. అడుగు డ్రెయిన్‌లో ఒత్తిడిని తగ్గించే వాల్వు పెట్టారో లేదో కట్టిన మేస్త్రీని అడగాలి. పెట్టివుంటే, దానిలో ఇసుక ఇరుక్కుని సరిగా మూసుకోకపోవడం వల్లా నీరు బయటికి పోతుంది.

నీరు అంచులు దాటి చుట్టూ ఉన్న కాలువలోకి పొర్లే రకం కొలనులో మాత్రం, పంపు ఆపగానే మట్టం అంచుదాకా తగ్గి, పొర్లిన నీరు చేరే బ్యాలెన్స్ ట్యాంకు మట్టం పెరగడం సహజం. అక్కడ బకెట్ పరీక్షను పంపు ఆపాక, ట్యాంకు గోడపై కూడా గుర్తు పెట్టి చేయాలి.