తీర్పులో లాటిన్ మాట ఎదురైతే ఇలా చదవండి

కోర్టు కాగితంలో లాటిన్ మాట కనపడగానే టెన్షన్ పడకండి, అది ఆ వాక్యంలో ఏ పని చేస్తోందో ముందు చూడండి. ‘ప్రైమా ఫేసీ’ అంటే పైకి చూడగానే కనిపించేది, అంటే కేసు ముందుకు నడవడానికి సరిపడా ఆధారం ఉందని మాత్రమే, నేరం రుజువైందని కాదు, చాలామంది పొరబడేది ఇక్కడే. ‘ఆక్టస్ రియస్’ అంటే నేరంలో చేసిన పని, ‘మెన్స్ రియా’ దాని వెనక ఉన్న నేర ఉద్దేశం. చాలా నేరాలకు రెండూ రుజువు కావాలి. ఇక ‘ఒబిటర్ డిక్టా’, జడ్జి సందర్భవశాత్తు అన్న మాటలు. వీటిని ‘రేషియో డెసిడెండై’తో, అంటే తీర్పుకు ఆధారమైన అసలు కారణంతో దయచేసి కలిపేయకండి, ఎందుకంటే తర్వాతి కేసుల్లో కింది కోర్టులు పాటించాల్సింది ఆ కారణాన్నే. మీరు రాసేటప్పుడు మాత్రం ‘ఇంటర్ అలియా’ బదులు ‘ఇతర విషయాలతో పాటు’ అని రాయండి చాలు.